ఎల్ఎమ్35 టెంపరేచర్ సెన్సర్ రీడింగ్ నిలవట్లేదు, రిలే (బల్బుని ఆన్-ఆఫ్ చేసే స్విచ్) టకటకా కొట్టుకుంటోంది. ఎవరికైనా ఇలా అయ్యిందా?

నాటుకోడి_ల్యాబ్:
అందరికీ నమస్తే. నాటుకోడి గుడ్ల కోసం థర్మాకోల్ పెట్టెతో ఇంక్యుబేటర్ చేస్తున్నా. ఆర్డ్వినో ఊనో (చిన్న కంట్రోలర్ బోర్డు), ఎల్ఎమ్35, 60 వాట్ల బల్బుకి రిలే మాడ్యూల్, వేరే అడాప్టర్ మీద ఒక పాత కంప్యూటర్ ఫ్యాన్. 37.5 డిగ్రీల దగ్గర నిలబెట్టాలి. బల్బు ఆగి ఉన్నప్పుడు రీడింగ్ 37.1కీ 37.6కీ మధ్య గెంతుతుంది, అది సరే అనుకోండి, కానీ రిలే ఆన్ అవ్వగానే ఒక్కసారిగా 39 చూపించి బల్బు ఆపేస్తుంది, ఆగగానే మళ్లీ 37, మళ్లీ ఆన్. వేడి అంత వేగంగా సెన్సర్‌కి చేరదు కదా? సెన్సర్ మార్చినా ఇదే కథ. ఇలాగే గుడ్లు పెట్టేయాలంటే టెన్షన్‌గా ఉంది.

కోడ్_రాజా:
బ్రో, పది రీడింగులు తీసుకుని సగటు వేయి. అందరూ చేసేది అదే.

పాతరేడియో:
సగటు వేస్తే రోగం దాక్కుంటుంది, పోదు. రిలేతో పాటే రీడింగ్ కదులుతోందంటే ముందు చూడాల్సింది కరెంటు, కోడ్ కాదు. బాబూ, ఊనోకి పవర్ ఎక్కడి నుంచి? రిలే మాడ్యూల్ 5 వోల్ట్‌లు కూడా ఊనో నుంచేనా?

నాటుకోడి_ల్యాబ్:
అవును సార్. ఫోన్ చార్జర్, యూఎస్‌బీ కేబుల్. రిలే, సెన్సర్ రెండూ బ్రెడ్‌బోర్డ్ మీద ఒకే లైన్, అక్కణ్నుంచి ఊనో గ్రౌండ్‌కి ఒకటే జంపర్ వైరు.

పాతరేడియో:
అనుకున్నా. లెక్క చూడు. ఎల్ఎమ్35 డిగ్రీకి 10 మిల్లీవోల్ట్‌లే ఇస్తుంది, అంటే 37.5 దగ్గర 375. ఊనో ఆ 375ని తన 5 వోల్ట్‌లతో పోల్చి 1024 మెట్లుగా కొలుస్తుంది, కాబట్టి ఒక మెట్టు దాదాపు 4.9 మిల్లీవోల్ట్‌లు, అంటే అర డిగ్రీ. నీకు 37.1, 37.6 అని గెంతేది అందుకే, అది నాయిస్ కూడా కాదు, పక్క పక్క మెట్లు అంతే. ఇక రిలే కాయిల్ 70 మిల్లీయాంప్‌లు లాగుతుంది. సన్నటి కేబుల్‌లో ఆ 5 కాస్తా 4.9 అయితే, కోడ్ మాత్రం ఇంకా 5 అనే నమ్ముతుంది కాబట్టి 37.5ని 38.3గా చూపిస్తుంది. పైగా అదే కరెంటు ఆ ఒక్క జంపర్ గుండా తిరిగి వెళ్తుంది, వదులుగా ఉన్న కాంటాక్ట్‌లో 0.1 ఓమ్ ఉన్నా 7 మిల్లీవోల్ట్‌లు, ఇంకో 0.7 డిగ్రీ. రెండూ కలిపితే నీ 39. మల్టీమీటర్ 200 మిల్లీవోల్ట్ రేంజ్‌లో పెట్టి, సెన్సర్ గ్రౌండ్ కాలికీ ఊనో గ్రౌండ్ పిన్‌కీ మధ్య కొలువు, రిలే ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి.

నాటుకోడి_ల్యాబ్:
కొలిచాను సార్. గ్రౌండ్‌ల మధ్య ఆఫ్‌లో దాదాపు సున్నా, ఆన్‌లో 8 మిల్లీవోల్ట్‌లు. 5 వోల్ట్ పిన్ 4.98 నుంచి 4.87కి పడుతోంది. అనవసరంగా మంచి సెన్సర్ తీసి పక్కన పడేశా 😅

అమీర్‌పేట_సోల్డర్:
రిలేకి వేరే 5 వోల్ట్ అడాప్టర్ ఇచ్చెయ్ అన్నా. మాడ్యూల్ మీద జేడీ-వీసీసీ అని జంపర్ ఉంటే అది తీసి, ఆ పిన్‌కి బయటి సప్లై. ఆప్టో (రెండు వైపులనీ కరెంటు కలవకుండా కాంతితో విడదీసే భాగం) ఉన్న మాడ్యూల్ అయితే గ్రౌండ్ కలపాల్సిన పని కూడా లేదు, లేకపోతే ఒకే చోట కలుపు. సెన్సర్ గ్రౌండ్ మాత్రం నేరుగా ఊనో పిన్‌కే, మధ్యలో ఎవరితోనూ పంచుకోకూడదు. తర్వాత సెటప్‌లో అనలాగ్ రిఫరెన్స్ ఇంటర్నల్ అని పెట్టు. అప్పుడు 5తో సంబంధం లేకుండా చిప్ లోపలి 1.1 వోల్ట్‌తో పోలుస్తుంది, మెట్టు 0.1 డిగ్రీకి దిగుతుంది, 110 డిగ్రీల దాకా కొలవొచ్చు, గుడ్లకి అది చాలా ఎక్కువే. ఆ 1.1 చిప్‌ని బట్టి 1.0 నుంచి 1.2 దాకా ఉండొచ్చు కాబట్టి ఏరెఫ్ (రిఫరెన్స్ వోల్టేజ్) పిన్ దగ్గర మీటర్‌తో కొలిచి అసలు విలువ కోడ్‌లో రాయి. ఏరెఫ్‌కి బయటి వోల్టేజ్ ఏదైనా తగిలించి ఉంటే ముందు తీసేయ్, చిప్ పోతుంది.

కోడ్_రాజా:
సరే ఒప్పుకుంటా, కానీ సగటు పూర్తిగా దండగ అనడం కూడా తప్పే. బల్బు వైరు పక్కనే సెన్సర్ వైరు పోతే 50 హెర్ట్జ్ హమ్ (ఇంటి కరెంటు నుంచి వచ్చే నాయిస్) వస్తుంది కదా.

పాతరేడియో:
వస్తుంది. కానీ పది రీడింగులు వరసగా తీస్తే ఊనోకి మిల్లీసెకండు చాలు, 50 హెర్ట్జ్ అల ఒకటి పూర్తవ్వడానికి 20 కావాలి. 20 లేదా 40 మిల్లీసెకండ్ల మీద పరచి సగటు వేస్తే హమ్ దానికదే కొట్టేసుకుపోతుంది. అలా వేస్తే నేనూ ఒప్పుకుంటా.

వైజాగ్_వోల్ట్:
ఔట్‌పుట్‌కి, గ్రౌండ్‌కి మధ్య నేరుగా 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టమని చాలా వీడియోల్లో చెప్తారు, దయచేసి ఎల్ఎమ్35కి అలా చెయ్యకండి. దాని డేటాషీట్‌లో (కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) జాగ్రత్తలేమీ లేకుండా మోయగలిగేది 50 పికోఫారడ్‌లే అని ఉంది, రెండు మీటర్ల షీల్డ్ కేబుల్ చాలు ఆ హద్దు దాటడానికి. దాటితే సెన్సర్ ఔట్‌పుట్ తనంతట తానే ఊగుతుంది (ఆసిలేట్ అవుతుంది), ఆసిలోస్కోప్ లేకపోతే మనకి కనిపించేది పిచ్చి రీడింగ్ మాత్రమే. సెన్సర్ కాలి దగ్గరే 2 కిలోఓమ్ రెసిస్టర్, ఆ తర్వాత వైరు, ఊనో పిన్ దగ్గర కెపాసిటర్. అప్పుడు 10 మైక్రోఫారడ్ అయినా ఫర్వాలేదు, హమ్ చాలా వరకు అక్కడే చస్తుంది.

చిన్నూ_ఈఎస్పీ:
నాది ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న ఇంకో బోర్డు), 3.3 వోల్ట్‌ల మీద ఇదే సెన్సర్. రీడింగ్ అసలు అర్థమే లేకుండా వస్తోంది.

వైజాగ్_వోల్ట్:
ఎల్ఎమ్35కి కనీసం 4 వోల్ట్‌లు కావాలి తమ్ముడూ. 5 ఇవ్వు, లేదా టీఎమ్‌పీ36 సెన్సర్ వాడు, అది 2.7 నుంచే పని చేస్తుంది, ఫార్ములాలో 500 మిల్లీవోల్ట్‌లు తీసేయడం మర్చిపోకు. వైఫై ఆన్‌లో ఉంటే 32 నుంచి 39 పిన్‌లే వాడు, ఏడీసీ (వోల్టేజ్‌ని అంకెగా మార్చే భాగం) రెండో భాగం వైఫైతో కలిసి రాదు.

అమీర్‌పేట_సోల్డర్:
ఇంత గోల ఎందుకు, డీఎస్18బీ20 సెన్సర్ పెట్టుకుంటే డిజిటల్, ఒక 4.7 కిలోఓమ్ రెసిస్టర్‌తో అయిపోతుంది కదా అనే వాళ్లుంటారు. నిజమే, ఒక రీడింగ్‌కి దానికి పట్టే 750 మిల్లీసెకండ్లు ఇంక్యుబేటర్‌కి ఆలస్యమే కాదు. కానీ సప్లై ఇలాగే ఊగుతుంటే రేపు ఎల్‌సీడీ, ఎల్లుండి ఊనో రీసెట్ అవుతాయి.

నాటుకోడి_ల్యాబ్:
అప్‌డేట్: రిలేకి వేరే అడాప్టర్, సెన్సర్‌కి సొంత గ్రౌండ్ వైరు, ఇంటర్నల్ రిఫరెన్స్ (నా చిప్‌లో 1.08 వచ్చింది). రిలే పడినా రీడింగ్ 0.1 కంటే కదలట్లేదు. 37.3కి ఆన్, 37.7కి ఆఫ్ పెట్టాను. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ పక్కన పెట్టి చూస్తే నాది 0.6 ఎక్కువ చూపిస్తోంది, ఇది మామూలేనా?

పాతరేడియో:
మామూలే, డేటాషీట్ ఒప్పుకునే తేడాలోనే ఉంది. ఆ 0.6 కోడ్‌లో తీసేయ్. గుడ్లు పెట్టే ముందు బల్బు వైరులో విడిగా ఒక మెకానికల్ థర్మోస్టాట్ కూడా వేసుకో, రిలే కాంటాక్ట్ అతుక్కుపోతే ఊనో ఏమీ చెయ్యలేదు.