ఐలోని జాతర ఒగ్గు కథ క్యాసెట్లు దొరికాయి: తెల్లవారేసరికి శ్రుతి ఎందుకు పెరిగింది?

మట్టెవాడ పాతకాపు
1989 సంక్రాంతికి ఐలోని (వరంగల్ దగ్గరి ఐనవోలు) మల్లన్న జాతరలో రాత్రంతా కూర్చొని విన్న ఒగ్గు కథ (డోళ్లు, తాళాలతో దేవుడి కథను పాడి చెప్పే కళ), మా మేనమామ టేప్ రికార్డర్‌లో పట్టిన మూడు తొంభై నిమిషాల క్యాసెట్ల రూపంలో, అటక మీది ట్రంకు పెట్టెలో దొరికింది. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. పట్నం (దేవుడి ముందు రంగుల పొడులతో వేసే ముగ్గు) వేసిన చోటికి ఎదురుగా, డోళ్ల పక్కనే కూర్చున్నాను. రెండో క్యాసెట్టులో మల్లన్న భార్య మేడలమ్మ పెళ్లి ఘట్టం ఉంది. అక్కడ కథకుడు ఆగి, వెనుక పాడేవారు వంత అందుకొనేలోపు జనంలో పూనకం వచ్చిన ఒక శివసత్తి పెట్టిన కేక ఇన్నేళ్లుగా నా చెవుల్లో ఉంది, అది రీలులోనూ ఉంది. రీలు అంచులకు పట్టిన తెల్లటి బూజును ఎలా తీయాలి? డోలు దెబ్బ పడగానే కథకుడి గొంతు లోపలికి పోయి మెల్లగా పైకి వస్తోంది, దానిని సరిచేయవచ్చా? మూడో క్యాసెట్టుకు వచ్చేసరికి శ్రుతి బాగా పెరిగింది. ఆ రాత్రి నిజంగా అలాగే పాడారా?

కాజీపేట రేడియో మెకానిక్
ముప్పై ఏళ్లకు పైగా టేప్ రికార్డర్లు విప్పి బిగించినవాడిగా చెబుతున్నాను. ఆ కాలపు చిన్న టేప్ రికార్డర్లలో చప్పుడు పెరిగితే రికార్డింగ్ స్థాయిని దానంతట అదే తగ్గించే సర్క్యూట్ ఉండేది. డోలు మోగగానే అది అంతటినీ నొక్కేస్తుంది, అందుకే గొంతు మునిగి తేలుతోంది. శ్రుతి సంగతి ఇంకా తేలిక. రాత్రంతా సెల్లుల మీద నడిపితే తెల్లవారేసరికి మోటారు నెమ్మదిస్తుంది. నెమ్మదిగా తిరుగుతూ పట్టిన రీలును ఈరోజు సరైన వేగంతో నడిపితే గొంతు సన్నబడి, నడక కూడా వేగంగా వినిపిస్తుంది. కథకుడు శ్రుతి పెంచలేదు, సెల్లులు దిగిపోయాయి.

వేములవాడ బాణీ
ఈ మాట నేను ఒప్పుకోను. ఒగ్గు కథకుడు మిద్దె రాములు గారి కథలు చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన ప్రాంతం మాది. జనం కునుకు తీసే జాము రాగానే గొంతు పైకెత్తి, డోళ్ల జోరు పెంచి, కూర్చున్నవారిని లేపి నిలబెట్టడం ఒగ్గు పెద్దల విద్య. తెల్లవారుజామున శ్రుతి పెరగడం కళ. దానిని సెల్లుల ఖాతాలో వేయడం ఆ కళాకారుడిని చిన్నబుచ్చడమే.

లింగాల ఘనపురం
విద్య మీ వైపే ఉందన్నట్టు రాస్తున్నారు. సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్న ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య గారిది మా మాణిక్యాపురం. మా వైపు కథకుడికి నిదానమే బలం. ఆయన మాటతో ఏడిపించగలిగినప్పుడు గొంతు పెంచవలసిన పనేముంది?

కాజీపేట రేడియో మెకానిక్
అన్నలారా, బాణీల పోటీతో ఇది తేలదు. జాతరలో మైక్ సెట్టు ఉంది కదా, దాని యాంప్లిఫయర్ నుంచి వచ్చే సన్నని గుంయ్‌మనే కరెంటు మోత రీలులో పడి ఉంటుంది. మన కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్, అంటే సెకనుకు యాభై ఆవృత్తులు, ఆ మోత శ్రుతి దాన్ని బట్టే ఉంటుంది. కంప్యూటరులో ఆ మోతను కొలిస్తే క్యాసెట్టు ఎక్కడ ఎంత పరుగెత్తిందో తెలిసిపోతుంది.

సబ్‌స్టేషన్ రిటైర్డ్
నా ఉద్యోగమంతా సబ్‌స్టేషన్‌లోనే గడిచింది కాబట్టి దీనికి నేను జవాబు చెప్పాలి. ఆ రోజుల్లో దక్షిణాది గ్రిడ్ 50 మీద నిలబడలేదు. సాయంత్రం లోడు మీద 48 దరిదాపులకు పడిపోవడం మాకు మామూలు విషయం, 2003లో ఫ్రీక్వెన్సీని బట్టి కరెంటు ధర మారే కొత్త టారిఫ్ పద్ధతి వచ్చాకే అది గాడిలో పడింది. అర్ధరాత్రి దాటి లోడు తగ్గితే ఫ్రీక్వెన్సీ పైకి లేస్తుంది. 48 నుంచి 50కి లేచినా నాలుగు శాతం తేడా, శ్రుతి ఒక స్వరస్థానం పెరగడానికి ఆరు శాతం చాలు. అంటే టేపు తప్పు ఏమీ లేకుండానే మీ మోత పెరిగినట్టు కనిపిస్తుంది. జనరేటర్ మీద నడిచి ఉంటే ఆ లెక్క కూడా ఉండదు. కదిలే స్తంభానికి తాడు కట్టి పొలం కొలవకండి.

కాజీపేట రేడియో మెకానిక్
మీరు మీటర్లు చూశారు, నేను రీళ్లు చూశాను. వందల క్యాసెట్లు బాగు చేసిన చేతికి దిగిన సెల్లుల రికార్డింగ్ ఏదో తెలుస్తుంది.

భూపాలపల్లి
బూజు సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. పాత టేపులను ఓవెన్‌లో కాస్త వేడి చేస్తే బాగవుతాయని విన్నాను, అలా చేయండి.

కాజీపేట రేడియో మెకానిక్
దయచేసి ఆ పని చేయవద్దు! వేడి చేసే పద్ధతి జిగురు ఊడే కొన్ని రకాల పెద్ద స్పూలు టేపులకు, అదీ కొలిచిన వేడిలో చేసేది. బూజుకు అది మందు కాదు, తొంభై నిమిషాల క్యాసెట్టు రీలు అసలే పలచన. ముందు పొడిగా ఉన్న చోట ఆరనివ్వండి. ముక్కుకు గుడ్డ కట్టుకొని, రీలును చేత్తో మెల్లగా తిప్పుతూ మెత్తని పొడిబట్టతో తుడవండి. లోపల హెడ్డుకు రీలును ఆనించే చిన్న ఉన్ని ముక్క ఊడి ఉంటే, మరలున్న వేరే పెట్టెలోకి రీలు మార్చండి. ఇంతవరకు విన్నది చాలు, శుభ్రం చేసేదాకా మళ్లీ ప్లే చేయకండి.

ఆర్‌ఈసీ పూర్వ విద్యార్థి
హాస్టల్ రోజుల నుంచి నేను బ్లూస్ (అమెరికా నల్లజాతివారి పాటలు) వినేవాడిని కాబట్టి ఒక సంగతి చెప్పాలి. 1941లో జానపద గీతాల సేకర్త అలన్ లోమాక్స్ అమెరికాలోని మిసిసిపీలో ఉన్న స్టోవాల్ ప్లాంటేషన్‌కు వెళ్లి, అక్కడ పనిచేసే, తరువాత పెద్ద బ్లూస్ గాయకుడైన మడ్డీ వాటర్స్ పాటలను డిస్కుల మీద పట్టాడు. తన గొంతు తాను విన్నాకే మడ్డీకి తన మీద నమ్మకం కుదిరింది. తరువాత ఆయనకు ఇరవై డాలర్లతో పాటు రికార్డు ప్రతులు రెండు అందాయి. పాతకాపు గారూ, మీ క్యాసెట్లలోని కథకుడి ఇంటివారికి ఆ గొంతు ఇప్పటికైనా అందిందా? అందరికీ వినిపించే ముందు వారికి వినిపించండి, అనుమతి అడగండి.

పరకాల
ఆ మాటే నేనూ చెబుతాను. మా నాన్న వంత పాడిన కథ క్యాసెట్టును కాపీ కోసం ఒక స్టూడియోకు ఇస్తే, దాని మీద సినిమా పాటలు ఎక్కించి తిరిగి ఇచ్చారు. ఆయన గొంతు మాకు మరోచోట లేదు. మీ క్యాసెట్ల వెనుక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులను ఈరోజే విరిచేయండి, ఆ తరువాత మిషన్ వాటి మీద రికార్డు చేయలేదు. క్యాసెట్లను ఎవరి చేతికీ ఇవ్వకండి. కాపీ మీ కళ్ల ముందే జరగాలి.

డోలు ఇంటి బిడ్డ
మాది తరతరాలుగా డోలు కొట్టే ఇల్లు. శ్రుతి గురించి ఇంత వాదించుకున్నారు కానీ తాళాలను ఎవరూ తలవలేదు. డోలు తోలు చలికి సడలుతుంది, మంట దగ్గర కాస్తే బిగుస్తుంది, కాబట్టి డోలును నమ్మి కొలవలేం. గొంతు మనిషి ఇష్టం. కంచు తాళాల మోత మాత్రం సాయంత్రం ఎలా ఉంటుందో తెల్లవారాక కూడా అలాగే ఉంటుంది. మొదటి క్యాసెట్టులో ఒక తాళం మోతను, మూడో క్యాసెట్టులో అదే తాళం మోతను పక్కపక్కన పెట్టి కొలవండి. రెండూ ఒక్కటైతే ఆ పెద్దమనిషి నిజంగానే గొంతు పెంచి పాడారు. తాళం కూడా గొంతుతో సమానంగా పెరిగితే అది రీలు చేసిన పని. తాళం కొంత, గొంతు అంతకు మించి పెరిగితే ఇద్దరి మాటా నిజమే.

సబ్‌స్టేషన్ రిటైర్డ్
ఇది సరైన కొలబద్ద. దీనికి గ్రిడ్డుతో పని లేదు.

వేములవాడ బాణీ
కొలవండి. తాళాల జోడీ మధ్యలో మారలేదని ముందు చూసుకోండి. రెండో తాళగాడు కూర్చుంటే తన తాళాలు తాను తెచ్చుకుంటాడు.

మట్టెవాడ పాతకాపు
మెకానిక్ గారూ, బూజు తుడిచాక మీ సమక్షంలోనే ఎక్కించుకుంటాను. కంప్రెస్ చేయని ఫైలుగానే ఉంచుతాను, గొంతు మునిగే చోట్లను కాపీలోనే సరిచేస్తాను. కథకుడి ఊరు తెలిసింది, ఆయన మనవడితో మాట్లాడాను. పేరు ఇక్కడ రాయాలా వద్దా అనేది ఆ ఇంటివారు చెప్పాలి. మొత్తం కథ వారు విన్నాకే తాళాల కొలతను ఇక్కడ పెడతాను.