అప్‌డేట్: రాజీ కాగితంలో డబ్బును ఏమని రాయాలి?

కోవూరు వైపు వరిచేలో గేదెలు పడి మేసిన తగాదాకి, ఇచ్చే డబ్బును జరిమానా అనాలా, తప్పు అనాలా, ప్రాయశ్చిత్తం అనాలా అని అడిగాను. మీరంతా చెప్పినాక తేలింది: నష్టపరిహారం.

జరిమానా వేసేది కోర్టు. మామూలుగా అది ఖజానాకే పోద్ది. పెద్దమనుషులు కట్టించే ‘తప్పు’ ఊళ్లో అందరికీ తెలిసిన మాటే గానీ, కాగితంలో నేరం ఒప్పుకున్నట్టు చదువుకోవచ్చు. అపరాధ రుసుం పరీక్ష ఫీజు ఆలస్యమైతే కట్టేది. ప్రాయశ్చిత్తం ఎవరికి వాళ్లు చేసుకునేది, గుళ్లో చేసుకోమనండి.

కాగితంలో సర్వే నంబరు, మేసిన తేదీ, ఎన్ని సెంట్లు పోయిందీ, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ, ఇద్దరు సాక్షులు. అసలు చిక్కు క్రియలో ఉంది. డబ్బు చేతికొస్తే ‘ఈ రోజున ముట్టినది’ అనే రాయాలి. ‘ముట్టగలదు’ అంటే బాకీ మిగిలినట్టే. వాయిదాలైతే ఒక్కోదానికీ గడువు తేదీ వెయ్యాలి.

చేను దగ్గర కొట్లాటై పోలీసు కేసు కట్టుంటే ఈ కాగితం ఒక్కటే చాలదు. ఆ సెక్షను రాజీకి వీలైనదో కాదో బీఎన్‌ఎస్‌ఎస్ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 359వ సెక్షనులో చూసుకుని కోర్టులోనో లోక్ అదాలత్‌లోనో పెట్టించాలి. లోక్ అదాలత్ ఇచ్చిన అవార్డుకి (రాజీ తీర్పుకి) సివిల్ కోర్టు డిక్రీ విలువుంటుంది, అప్పీలుండదు.