ఎనిమిది రెట్ల ధరకు ఎనిమిది రెట్ల గిటార్ వస్తుందా?

ఆరోతీగ (హైదరాబాద్):
అమెరికా ధరల్లో చూస్తే స్క్వైర్ సోనిక్ స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్) దాదాపు 200 డాలర్లు. కాలిఫోర్నియాలోని కరోనా పట్టణంలో తయారయ్యే అమెరికన్ ప్రొఫెషనల్ స్ట్రాట్ 1,700కు అటూ ఇటూ. రెండూ ఫెండర్ సంస్థవే, స్క్వైర్ దాని చవక బ్రాండు. రెంటికీ స్కేలు (తీగ మోగే పొడవు) 25.5 అంగుళాలే, తీగల కంపాన్ని కరెంటుగా మార్చే సింగిల్ కాయిల్ పికప్‌లు మూడేసే, ఏ పికప్ మోగాలో ఎంచుకునే ఐదు స్థానాల స్విచ్చే. ఆకారం 1954 నాటిదే. నా దగ్గర సోనిక్ ఉంది. ఖరీదైనదానికి మారాలని మనసు లాగుతోంది, బుద్ధి ఒప్పుకోవడం లేదు. ఆ అదనపు 1,500 డాలర్లు ఎక్కడికి పోతున్నాయో తెలిసినవారు చెప్పండి. "వాయిస్తే తెలుస్తుంది" అనే జవాబు మాత్రం వద్దు.

ఓమ్‌నియమం:
పేరుకు పోతున్నాయి. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ రాగితీగ. పైన ఉక్కు తీగ కదిలితే చుట్టలో కరెంటు పుడుతుంది. బాడీ చెక్క ఆల్డరా, పోప్లరా అన్నది ఆ చుట్టకు పట్టదు. నాష్‌విల్ గిటారిస్టు జిమ్ లిల్ బాడీ, నెక్ (ఎడమచేత్తో పట్టుకునే పొడవాటి భాగం) రెండూ లేకుండా రెండు బల్లల మధ్య తీగలు బిగించి, కింద పికప్ పెట్టి వాయించి చూపాడు. పక్కనే ఖరీదైన గిటార్ వినిపించినా తేడా పట్టుకోవడం కష్టం. క్వీన్ రాక్ బృందపు గిటారిస్టు బ్రయన్ మే తన గిటార్‌ను తండ్రితో కలిసి ఇంట్లోనే చేసుకున్నాడు. 1963లో మొదలుపెట్టారు, నెక్‌కు వాడింది పాత చలిమంట గూటి చెక్క. లోకం ఆ మోత వింది కానీ ధర అడగలేదు.

తేడా ఉన్నదల్లా పికప్‌లో. చవకవాటిలో ఉక్కు మేకుల కింద సిరామిక్ అయస్కాంతం అంటిస్తారు, ఖరీదైనవాటిలో మేకులే ఆల్నికో అయస్కాంతాలు. అది కావాలంటే పికప్‌లు విడిగా కొని టంకం వేయించుకోండి. ఒక సాయంత్రం పని.

ఫ్రెట్‌మేస్త్రి (విజయవాడ):
ఓమ్‌నియమం గారు స్పీకర్‌లోంచి వచ్చేదాని గురించే మాట్లాడుతున్నారు. గిటార్‌ను వినేవాళ్లు వేరు, పట్టుకునేవాళ్లు వేరు. నా బల్ల మీదికి చవక గిటార్లూ వస్తాయి, ఖరీదైనవీ వస్తాయి. బాగుచేసేవాడిగా నాకు కనబడే తేడా చెబుతాను.

ముందు నట్ చూడండి. తల దగ్గర తీగలు కూర్చునే ఆ చిన్న ముక్క. చవకవాటిలో దాని గాళ్లు లోతుగా కోయరు. ఎక్కువ కోస్తే ముక్క పాడవుతుంది, తక్కువ కోస్తే ఎవరూ వెనక్కి పంపరు. దాంతో తీగ ఎత్తుగా నిలుస్తుంది. మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డకమ్మీ) దగ్గర నొక్కినప్పుడు తీగ అవసరానికి మించి సాగి స్వరం పైకి పోతుంది. విడితీగలు శ్రుతిలోనే ఉంటాయి, ఎఫ్ కార్డ్ పట్టగానే అపశ్రుతి. కొత్తగా నేర్చుకునే పిల్లవాడు తన వేళ్లదే లోపమనుకుంటాడు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది అదే.

తరువాత ఫ్రెట్లు. ఆ లోహపు కమ్మీలన్నీ ఒకే మట్టంలో ఉండాలి. ఒకటి కాస్త పైకి లేచినా దాని వెనక ఫ్రెట్ మీద వాయించిన స్వరం బరబరలాడుతుంది. ఆ బరబర పోవాలని తీగలు ఎత్తు చేస్తారు, అప్పుడు బెండ్ చేయడానికి, అంటే తీగను పక్కకు లాగి స్వరం పెంచడానికి, బలం సరిపోదు. మట్టం చేసి, తలలు మళ్లీ గుండ్రం చేసి, కొసలను ఆకురాయితో నున్నగా రాయాలి. ఇదంతా మనిషి సమయం. చవక గిటార్‌లో మొదట కోసేసేది ఆ సమయాన్నే. ఎండాకాలం పొడిగాలికి చెక్క అడ్డంగా కుంచించుకుంటే ఫ్రెట్ కొసలు బయటికి పొడుచుకొచ్చి చెయ్యి గీరుకుంటుంది. ఆ మాటకొస్తే ఖరీదైనవాటికీ అది తప్పదు, చెక్క చెక్కే.

ఇంకో సంగతి. చవకవాటి ఫింగర్‌బోర్డు (ఫ్రెట్లు బిగించే చెక్కపలక) గురించి 'ఇండియన్ లారెల్' అని రాస్తే కొందరు మొహం చిట్లిస్తారు. అది మన నల్లమద్ది. 2017లో జిట్రేగి (రోజ్‌వుడ్) జాతి కలప రవాణాపై అంతర్జాతీయ ఆంక్షలు వచ్చాక చాలా కంపెనీలు దానికి మళ్లాయి. పూర్తిగా తయారైన వాద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చారు, అయినా లారెల్ నిలిచిపోయింది. గట్టి కలప, దానికి వంక పెట్టనక్కర్లేదు.

ఓమ్‌నియమం:
మేస్త్రి గారూ, మీరు నా వాదనకే బలమిచ్చారు. మీ కూలి నాలుగైదు వేల రూపాయలు అనుకుందాం. అది కలిపినా సోనిక్ ధర అమెరికన్ గిటార్ దరిదాపులకు రాదు. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ నల్ల స్ట్రాట్ 2019లో న్యూయార్క్ వేలంలో 39.75 లక్షల డాలర్లు పలికింది. అది 1970లో అదే ఊళ్లోని దుకాణంలో కొన్నది. తరువాత నెక్‌లు మార్చారు, పికప్‌లు మార్చారు.

ఫ్రెట్‌మేస్త్రి (విజయవాడ):
గిల్మోర్ వెంట దశాబ్దాల పాటు ఫిల్ టేలర్ అనే నిపుణుడు ఉన్నాడు. మీ వెంట ఎవరున్నారు? నా పని చేయించుకుంటే సోనిక్ బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ పోత ట్రెమొలో దిమ్మ (మీటతో స్వరం ఊపే బ్రిడ్జి కింది లోహపు ముక్క), వదులు ట్యూనింగ్ కీలు, పలచటి బాడీ అలాగే ఉంటాయి. వాటిని కూడా మార్చుకుంటూ పోతే చివరికి ఫెండర్ మెక్సికోలో చేసే గిటార్ ధర అవుతుంది. అమ్మబోతే మాత్రం సోనిక్ ధరే ఇస్తారు.

డాలస్‌బాబాయ్:
ఆ మెక్సికో మాట కోసమే చూస్తున్నాను. మెక్సికోలోని ఎన్సెనాడాలో ఫెండర్ ఫ్యాక్టరీ 1987 నుంచి ఉంది. కరోనా నుంచి కారెక్కితే ఒక పూటలో చేరుకుంటారు. అక్కడి ప్లేయర్ వరుస ఇక్కడ అమెరికాలో 800 డాలర్ల ప్రాంతంలో దొరుకుతుంది. మూడు రకాలూ వాయించాను. 200 నుంచి 800కు ఎక్కినప్పుడు చేతికి స్పష్టంగా తెలుస్తుంది. 800 నుంచి 1,700కు ఎక్కినప్పుడు నెక్ అంచులు గుండ్రంగా తీర్చిన తీరు నచ్చింది, అంతే. ఇక్కడ పాతది అమ్ముకోవడం తేలిక కాబట్టి ఖరీదైనది కొన్నా నష్టం తక్కువ. ఇండియాలో దిగుమతి సుంకం కట్టి కొన్నవారికి ఆ సుఖం లేదు.

మండపంలీడ్ (రాజమహేంద్రవరం):
పెళ్లిళ్లలో వాయించేవాడిని, రెండు మాటలు. ఒకటి, సీరియల్ లైట్ల పక్కన నిలబడితే అమెరికన్ స్ట్రాట్ కూడా గుయ్యిమంటుంది. సింగిల్ కాయిల్ స్వభావమది, డబ్బుతో పోదు. స్విచ్ రెండో స్థానంలోనో నాలుగో స్థానంలోనో పెడితే మధ్య పికప్ ఎదురు చుట్టుది కాబట్టి ఆ మోత చాలావరకు తగ్గుతుంది. రెండు, ఆరోతీగ గారు యాంప్ (గిటార్ మోతను పెంచి వినిపించే యాంప్లిఫయర్) సంగతే చెప్పలేదు. ఆరంగుళాల స్పీకరున్న పది వాట్ల డబ్బాలో ఏ గిటార్ అయినా ఒకటే. ముందు అది మార్చండి.

ఆరోతీగ (హైదరాబాద్):
నాది సరిగ్గా ఆ పది వాట్ల డబ్బాయే! సరే, అమెరికన్ గిటార్ ఆలోచన పక్కన పెట్టాను. ముందు యాంప్, తరువాత మెక్సికోది ఒకసారి వాయించి చూస్తాను. వచ్చే నెల విజయవాడ వస్తున్నాను మేస్త్రి గారూ, సోనిక్ పట్టుకు రమ్మంటారా?

ఓమ్‌నియమం:
మెక్సికోది వాయించేటప్పుడు కళ్లు మూసుకుని, ఎవరినైనా గిటార్లు మార్చి ఇమ్మనండి. అప్పుడు మాట్లాడదాం.

ఫ్రెట్‌మేస్త్రి (విజయవాడ):
కళ్లు మూసుకున్నా నెక్ తగిలేది చేతికే కదండీ. ఆరోతీగ గారూ, తప్పకుండా తీసుకురండి. తీగలు మాత్రం విప్పకండి, మీరు వాయించే శ్రుతిలోనే ఉంచండి. చాలామంది విప్పి తెస్తారు, ఆ బిగువు లేకపోతే నెక్ ఎటు వంగిందో నాకు తెలియదు.