సూర్యుడి దాకా దూరం: బద్దలతో కొలిస్తే ఒకటి, కాంతితో కొలిస్తే ఇంకొకటి. ఏది అసలుది?

ధ్రువతార: డిగ్రీ పిల్లలకి సాధారణ సాపేక్షత (గురుత్వం గురించి ఐన్‌స్టీన్ సిద్ధాంతం) చెప్తూ ఇక్కడ ఆగిపోయాను. సూర్యుడిలాంటి గుండ్రటి వస్తువు చుట్టూ స్థలం, కాలం ఎలా వంగుతాయో చెప్పే స్వార్జ్‌షీల్డ్ లెక్కలో వచ్చే ‘ఆర్’ కేంద్రం నుంచి దూరం కాదు, దాని చుట్టూ గీసిన వృత్తం చుట్టుకొలతని 2πతో భాగిస్తే వచ్చే అంకె. సూర్యుడి ఉపరితలం నుంచి భూకక్ష్య దాకా మీటరు బద్దలు వరసగా పేర్చుకుంటూ పోతే, రెండు ‘ఆర్’ల తేడా కంటే సుమారు 8 కిలోమీటర్లు ఎక్కువ పడుతుంది. అదే కాంతిని పంపి, అది వెళ్ళి రావడానికి పట్టిన సమయంలో సగాన్ని కాంతివేగంతో గుణిస్తే (సూర్యుడికి బాగా దూరంలో ఉన్న గడియారం ప్రకారం) సుమారు 16 కిలోమీటర్లు ఎక్కువ! పిల్లలకి ఏది చెప్పమంటారు?

స్కేలుబద్ద: బద్దలదే అండీ. ఆ 16లో సగమే స్థలం వంపు వల్ల వచ్చింది. మిగతా సగం సూర్యుడి దగ్గర కాలం నెమ్మదించడం వల్ల. కాలం వాటాని దూరం ఖాతాలో ఎలా రాస్తాం?

రాడార్‌వాలా: ఒప్పుకోను. సూర్యుడి దాకా బద్దలు ఎవరు పేర్చారు? 1964లో షపీరో అనే శాస్త్రవేత్త సూర్యుడి పక్కగా వెళ్ళే కాంతికి జరిగే ఈ ఆలస్యాన్ని కొలవొచ్చని చెప్పాడు, 2002లో కసీని అంతరిక్ష నౌక సూర్యుడికి అవతలి వైపు ఉన్నప్పుడు రేడియో తరంగాలతో పరీక్షిస్తే లెక్క చక్కగా సరిపోయింది. చంద్రుడి దూరం కూడా అంతే, 1969లో అపోలో 11 వాళ్ళు పెట్టిన అద్దాల మీద లేజర్ కొడితే రెండున్నర సెకన్లలో తిరిగొస్తుంది. 1983 నుంచి మీటరుకి నిర్వచనమే కాంతి!

స్కేలుబద్ద: ఆ నిర్వచనం గురుత్వ ప్రభావం లెక్కలోకి రానంత చిన్న పొడవులకే అని 2002లో కొలతల అంతర్జాతీయ కమిటీయే చెప్పింది. చిన్న చిన్న ముక్కలు కొలిచి కూడడమంటే నా బద్దలేగా.

వర్షబిందువు: ఇద్దరూ ఒకటి వదిలేశారు. బద్దలు పేర్చాలంటే అన్ని చోట్లా ‘ఇప్పుడు’ ఒకటే కావాలి కదా, ఆ ‘ఇప్పుడు’ ఎవరిది? సూర్యుడి చుట్టూ కదలకుండా నిలబడ్డవాళ్ళదైతే 8 కిలోమీటర్లు వస్తుంది. అదే అనంత దూరం నుంచి నిశ్చలంగా బయల్దేరి నిట్టనిలువునా పడుతున్నవాళ్ళ ‘ఇప్పుడు’ తీసుకుంటే స్థలం చదునుగా ఉంటుంది, ఆ 8 కాస్తా సున్నా. స్వార్జ్‌షీల్డ్ లెక్కనే పడుతున్నవాళ్ళ కాలంతో గల్‌స్ట్రాండ్, పాన్‌లవే రాసిన రూపంలో వేసి చూడండి, ఒక్క పేజీ లెక్క.

స్కేలుబద్ద: వేశాను. సున్నాయే వచ్చింది. ‘నిలబడ్డవాళ్ళ బద్దలు’ అని నా మాట దిద్దుకుంటున్నాను, కానీ సూర్యుడిలా మారకుండా ఉండేచోట ఆ ఎంపికే సహజం అనే ఇప్పటికీ అంటాను.

వర్షబిందువు: సూర్యుడి వరకు సరే. 2015లో గురుత్వ తరంగాలని పట్టే లైగో పరికరాలు పసిగట్టిన ఆ రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నప్పుడు, వాటి మధ్య దూరానికి ఎవరి ‘ఇప్పుడు’ తీసుకుంటారు?