"గర్భస్థ కిశోరం" అనవచ్చా? "వామ్యశ్వా" దగ్గర ఆగిపోయాను

అక్షరభిక్షువు: అమరకోశంలో గుర్రాల చోట "బాలః కిశోరో..." అని వస్తుంది కదా, తర్వాత "వామ్యశ్వా" నా, "వామ్యాశ్వా" నా? నాలుక మీదే ఉంది, దిగడం లేదు. చూడి గుర్రం కడుపులోని పిల్లకు చివరి రోజుల్లో స్ట్రెస్ హార్మోన్లు పెరగడం మీద వ్యాసం రాస్తూ "గర్భస్థ కిశోరం" అన్నాను. పుట్టకముందే కిశోరం అనవచ్చా?

అమరపాఠి: "బాలః కిశోరో వామ్యశ్వా వడవా వాడవం గణే." ఇక్కడ ఛందస్సు సాయపడదు. వెనక సంయుక్తాక్షరం ఉంది కాబట్టి "మ్య" హ్రస్వమైనా గురువే. సంధే తేల్చాలి. వామీ + అశ్వా, రెండూ ఆడగుర్రం పేర్లే. యణాదేశం, అంటే ఈకారం యకారమవుతుంది. దీర్ఘానికి చోటెక్కడ?

బకారపక్షం: మనకు "బడబా" అండీ. వడవానలం అని ఎవరైనా అంటారా?

అమరపాఠి: బవయోరభేదః. బ, వలకు తేడా లేదు.

బకారపక్షం: ఇరుకున పడ్డప్పుడల్లా ఇదొకటి.

పదశోధిని: అసలు ప్రశ్నకు వద్దాం. "బాలః" అన్నాడు కనుక కిశోరం నేల మీద పడ్డదే. కడుపులోనిదానికి అమరంలోనే మనుష్యవర్గంలో "గర్భో భ్రూణ ఇమౌ సమౌ" ఉంది. దాని ముందే "సూతిమాసో వైజననః". చివరి దశకు సూతిమాసం వాడుకోండి, చక్కగా ఉంటుంది.

గుర్రాలడాక్టరు: గుర్రం దగ్గర ఆ నెలల లెక్క సాగదు. సగటున 340 రోజులంటాం గానీ 320 రోజులకు ఈనేవీ ఉన్నాయి, 360 దాటేవీ ఉన్నాయి. తేదీ ఎలా ఉన్నా, మీరు స్ట్రెస్ హార్మోన్ అంటున్న కార్టిసాల్ పిల్లలో పెరగడం ఈనిక ముందు చివరి రెండు మూడు రోజుల ముచ్చటే. గొర్రెపిల్లలో ఇది వారాల ముందే మొదలవుతుంది. కార్టిసాల్ చేసే అడ్రినల్ గ్రంథి గుర్రప్పిల్లలో అంతవరకూ ఎక్కువగా ప్రెగ్నెనొలోన్ అనే ముడిసరుకు చేస్తుంది. మాయ (ప్లాసెంటా) దాన్ని చూలు నిలిపే ప్రొజెస్టజెన్ హార్మోన్లుగా మారుస్తుంది. తల్లి రక్తంలోని కార్టిసాల్ చాలావరకు మాయలోనే కార్టిసోన్‌గా మారి, పనిచేయకుండా పోతుంది.

ఆ చివరి పెరుగుదలతోనే ఊపిరితిత్తులు, పేగులు, థైరాయిడ్ బయటి బతుకుకు సిద్ధమవుతాయి. అది రాకముందే నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ ఇచ్చి ఈనిస్తే, గంటలో లేచి నిలబడాల్సిన పిల్ల పొదుగు కూడా పట్టలేదు. రక్తం తీసి చూస్తే తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ లింఫోసైట్లకు రెట్టింపు పైన ఉండాల్సింది, సమానంగానో తక్కువగానో కనిపిస్తాయి. కాబట్టి దీన్ని "ఒత్తిడి హార్మోన్" అంటే పాఠకుడు దారి తప్పుతాడు.

పదశోధిని: అయితే "పక్వకం" అందామా?

గుర్రాలడాక్టరు: కార్టిసాల్ అనండి చాలు. పైగా ఒత్తిడి అర్థం పూర్తిగా అబద్ధమూ కాదు. మాయకు ఇన్ఫెక్షన్ సోకి కొన్నాళ్లు నలిగితే పిల్లలో ఈ ఏర్పాటు ముందే మొదలవుతుంది. అలాంటివి 320 రోజులకి ముందు పుట్టినా ఒక్కోసారి బతికి బట్టకడతాయి.

భాగవతప్రియ: నలిగి బతికిన గర్భం అంటే పరీక్షిత్తే కదా! బ్రహ్మాస్త్రం వేడికి కడుపులో తల్లడిల్లుతూ అంగుష్ఠమాత్రుణ్ణి చూశాడు. భాగవతం మూడో స్కంధంలో కపిలుడి మాట ఇంకా దగ్గర. ఏడో నెల నుంచి తెలివి వచ్చి, సూతివాతాలకు ఒకచోట నిలవలేక వణికిపోతాడట శిశువు. పోతన దాన్ని తెలుగులో పెట్టిన తీరు చదివాక ఏ హార్మోన్ చరిత్రా రుచించదు.

పదశోధిని: మూడో స్కంధాన్ని తెనిగించింది గంగనార్యుడు కాదూ?

భాగవతప్రియ: గంగన అయిదు, సింగన ఆరు. మూడు అచ్చంగా పోతనదే. స్కంధాలు కలిపేయకండి.

అమరపాఠి: ఆ అస్త్రం వేసినవాడు అశ్వత్థామ. పుడుతూనే ఉచ్చైఃశ్రవంలా సకిలించాడని ఆ పేరు. గుర్రం దారం ఎవరూ తెంపలేదన్నమాట.

అక్షరభిక్షువు: అందరికీ నమస్కారం. శీర్షికలో మాత్రం "వత్తిడి హార్మోన్" అనే ఉంచుతాను, సంపాదకుడికి అదే కావాలట.

బకారపక్షం: ఉంచితే ఉంచారు, "ఒత్తిడి" అనండి. ఒత్తు నుంచి వచ్చింది. వు వూ వొ వోలు తెలుగు మాటల మొదట ఉండవని చిన్నయసూరి ఎప్పుడో చెప్పాడు.

అమరపాఠి: ఆ సూత్రం వు వూ వొ వోలకే. "వత్తిడి" లో ఉన్నది ఉత్త వకారం. దాన్ని ఏ సూత్రంతో కొట్టేస్తారు?

బకారపక్షం: వాడుకతో.

అమరపాఠి: ఎవరి వాడుక?