కొండపల్లి ఖిల్లా: మెట్ల దారిన ఎక్కి ఘాట్ రోడ్డున దిగితే ఎలా ఉంటుంది?

భవానీపురం కుర్రాడు:
అందరికీ నమస్తే. డిసెంబరులో ఒక ఆదివారం ఆఫీసు వాళ్లం నలుగురం కొండపల్లి ఖిల్లాకి నడిచి వెళ్దామనుకుంటున్నాం. కారులో ఘాట్ రోడ్డెక్కి, గేటు దగ్గర దిగి, నాలుగు సెల్ఫీలు తీసుకుని వచ్చేయడం ఇదివరకే అయిపోయింది, అది వద్దు. ఎక్కిన దారినే దిగకుండా అడవిలోంచి చుట్టి బండి పెట్టిన చోటికే రావాలి. కోటకున్న గోల్కొండ దర్వాజా అనే ద్వారం వైపు నుంచి దిగిపోవచ్చని ఎవరో అన్నారు, నిజమేనా? మాలో ఒకాయనకి మోకాళ్లు అంతంతమాత్రం. ఇంకొకాయన చరిత్ర పిచ్చోడు, ప్రతి రాయి దగ్గరా ఆగుతాడు.

ఇబ్రహీంపట్నం వాసి:
కొండపల్లి ఊళ్లోంచి పాత మెట్ల దారి ఉంది కదా తమ్ముడూ, దాని మీద ఎక్కి ఘాట్ రోడ్డున దిగండి, చుట్టు పూర్తవుతుంది. తిరగేసి మాత్రం వెళ్లొద్దు. మోకాళ్లకి ఎక్కేటప్పుడు ఆయాసమే, అసలు దెబ్బ దిగేటప్పుడు తగులుతుంది, పాత రాతి మెట్లు ఒకటి ఎత్తు ఒకటి పల్లంగా ఉంటే ఆయన సంగతి ఇక చెప్పక్కర్లేదు. రోడ్డయితే వాలుగా ఉంటుంది, కబుర్లు చెప్పుకుంటూ దిగిపోవచ్చు, కాకపోతే ఆదివారం కదా, మలుపుల దగ్గర బైకుల కుర్రాళ్లని చూసుకోండి.

గోల్కొండ దర్వాజా కొండకి అవతలి కొసన ఉంది. అక్కడిదాకా వెళ్లి చూసి వెనక్కి వచ్చేయండి. దాన్ని దాటితే అంతా రిజర్వు ఫారెస్టు, పొదలు, ముళ్లు. అటవీశాఖ అనుమతి, దారి తెలిసిన ఊరి మనిషి ఈ రెండూ లేకుండా అటు దిగొద్దు, ఫోన్లో మ్యాపు చూసుకుని పోదాం అనుకునే రకం చోటు కాదది. కోట గేటు ఎన్నింటికి తీస్తారో ముందు రోజే కనుక్కోండి. మంచినీళ్లు మనిషికి రెండు లీటర్లు. డిసెంబరైనా తొమ్మిది దాటాక ఆ బండల మీద మన బెజవాడ ఎండ బెజవాడ ఎండే.

పాత రాళ్ల పిచ్చి:
మీ చరిత్రాయన కోసం. కోట పధ్నాలుగో శతాబ్దం నాటిది, కొండవీటి రెడ్డిరాజుల పేరు చెబుతారు. తర్వాత ఒడిశా గజపతుల చేతికి పోయింది. కృష్ణదేవరాయలు 1515లో కొండవీడు పట్టుకున్నాక ఇటే వచ్చాడు, ముట్టడించి దీన్నీ తీసుకున్నాడు. ఆ తర్వాత గోల్కొండ కుతుబ్‌షాహీలు, మొఘలులు, నిజాం. 1766లో ఇంగ్లీషు వాళ్లు పట్టుకుని ఇక్కడే సిపాయిలకి శిక్షణ ఇచ్చారు, 1859 దాకా నడిచింది. అంటే ఒకే గోడలో ఎవరు ఏది కట్టారో చూసి చెప్పడం కష్టం, ఆయన్ని అక్కడ ఎక్కువసేపు వాదించనివ్వకండి.

లోపలికి వెళ్లే ముఖ్య ద్వారం దర్గా దర్వాజా. పక్కనే ఉన్న గులాబ్ షా దర్గా వల్ల ఆ పేరు. ఇక్కడి యుద్ధంలోనే ఆయన చనిపోయాడంటారు. చాలామంది తానీషా మహల్ చూసి, అయిపోయిందనుకుని వెనక్కి తిరుగుతారు. నన్నడిగితే మహల్ దగ్గర తక్కువసేపు ఉండి ముందుకి పోవాలి. కోనేరు ఉంటుంది, ఊటనీళ్లు, అతి చల్లన, తాగితే జ్వరం వస్తుందని పాతకాలం నుంచీ ఒక మాట. అది దాటాక ధాన్యం కొట్లు, గజశాల. చీకటి మూలల్లో గబ్బిలాలుంటాయి, వాసనకి తట్టుకోవాలి. గోడల మీద పేర్లు చెక్కే ప్రేమికుల గురించి మాట్లాడితే నాకు బీపీ పెరుగుతుంది, వదిలేద్దాం.

వీటీపీఎస్ కాలనీ అమ్మాయి:
పైనుంచి కనిపించేది కూడా చెప్పండి మరి, ఎవరూ చెప్పరు 😄 అంతా పచ్చగా ఉంటుందని ఊహించుకుని వెళ్లకండి. ఒకవైపు అడవి కొండలు, ఇంకోవైపు కృష్ణ, మధ్యలో మా థర్మల్ కరెంటు కేంద్రం పొగ గొట్టాలు, కింద కాజీపేట లైను మీద రైళ్లు. నాకైతే అదే ఇష్టం. కానీ మరీ పొద్దున్నే ఎక్కితే మంచులో ఏమీ కనపడదు, కాబట్టి కోట లోపలంతా ముందు తిరిగేసి, బురుజుల దగ్గరికి మంచు విడిచాక రండి.

గుంటూరు బాబాయ్:
మధ్యలో దూరుతున్నా, మా కొండవీడు కూడా ఇలాగే తిరగొచ్చు, పైన చెరువులు కూడా ఉన్నాయి. సీతాఫలాల రోజుల్లో రండి అబ్బాయిలూ, కొండపల్లి మర్చిపోతారు.

భవానీపురం కుర్రాడు:
థాంక్యూ అందరికీ. మెట్లు ఎక్కి రోడ్డున దిగడమే ఖాయం. గోల్కొండ దర్వాజా దాటం. బాబాయ్ గారూ, సీతాఫలాలకి తప్పకుండా వస్తాం. దిగాక చూడ్డానికి ఇంకేమైనా ఉందా, తిండి తప్ప?

ఇబ్రహీంపట్నం వాసి:
బొమ్మల కాలనీ ఉందిగా. ఆ బొమ్మలు చెక్కే తెల్ల పొణికి కర్ర ఈ చుట్టుపక్కల అడవిదే, ఇప్పుడు చెట్లు తగ్గిపోయి వాళ్లకి కర్ర దొరకడమే గండంగా ఉంది. రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపి మక్కు చేసి ముక్కలెలా అతుకుతారో అడిగితే కూర్చోబెట్టి చూపిస్తారు. సంచిలో కాస్త చోటుంచుకోండి, ఏనుగు అంబారీ కొంటే బైకు మీద పట్టుకోవడం కష్టం.