ఆఫ్ఘన్ కుటుంబానికి ఇల్లు అద్దెకి: ముందు వీసానా, అగ్రిమెంటా?

వాల్తేరు_అప్పారావు: ఏయూలో (ఆంధ్రా యూనివర్సిటీ) చదువుకొచ్చిన ఆఫ్ఘన్ కుర్రాడు, భార్య, బాబు. శరణార్థి కార్డు కోసం ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి ఆఫీసుకి అర్జీ పెట్టుకున్నారు. వీసా నెలన్నరలో అయిపోతుంది. పొడిగింపు వస్తేనే అగ్రిమెంటు రాస్తానంటారు ఓనరు. పొడిగింపుకేమో అడ్రసు ప్రూఫ్ కావాలట. పైగా బాబు తజ్కిరాలో (ఆఫ్ఘన్ గుర్తింపు పత్రం) పుట్టిన ఏడాది 1396 అని ఉందని స్కూల్లో కాగితం వెనక్కిచ్చేశారు. ఏం చెయ్యాలి?

గవర్రాజు_పీఎం_పాలెం: ముడి విప్పేది ఫారం సి, అంటే ఇంట్లో విదేశీయుడు దిగాడని ఓనరు ప్రభుత్వానికి చెప్పే ఫారం (2025 రూల్స్‌లో దీని పేరు ఫారం III). విదేశీయుడు ఇంట్లో దిగిన 24 గంటల్లోపు ఓనరే ఆన్‌లైన్‌లో నింపాలి, కాబట్టి లాగిన్ ముందే చేయించి పెట్టండి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే కొట్టాలి. చాలామంది ఆఫ్ఘన్లకి ఇంటిపేరు ఉండదు. ఆ గడిలో తండ్రి పేరు పెడితే తర్వాత వీసా కాగితంతో సరిపోదు, అర్జీ తిరిగొస్తుంది. ఈ-ఎఫ్ఆర్ఆర్ఓ సైట్లో (విదేశీయుల నమోదు ఆఫీసుది) వీసా పొడిగింపుకి ఆ ఫారం సి కాపీనే అడ్రసు ప్రూఫ్‌గా చెల్లుతుంది. లేదంటే నోటరీ చేసిన అద్దె అగ్రిమెంటు. అర్జీ మాత్రం గడువు దాటకముందే పడాలి. దాటిందా, జరిమానాతో పాటు ఓనరు భయం కూడా పెరుగుతుంది. అర్జీ నంబరున్న కాగితం ఆయన చేతిలో పెట్టండి, సగం మెత్తబడతారు.

చట్టం_చిట్టిబాబు: కార్డు వస్తే వీసా అక్కర్లేదనుకోకండి, ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. 1951 శరణార్థుల ఒప్పందం మీద మనదేశం సంతకం పెట్టలేదు, అందుకని ఆ కార్డు వీసాకి బదులు కాదు. ఐక్యరాజ్యసమితి ఆఫీసు వాళ్లు ముందు అర్జీ పరిశీలనలో ఉన్నట్టు ఒక పత్రం ఇస్తారు, ఇంటర్వ్యూ అయ్యాక కార్డు. ఆ కార్డు ఒక్కటే చూపిస్తే ఆధార్ ఇవ్వరు. చెల్లే వీసా ఉండాలి, గత 12 నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉండి ఉండాలి.

పంతులమ్మ_గాజువాక: 1396 అంటే వాళ్ల సౌరమాన సంవత్సరం. 621 కలపండి, 2017. కానీ ఏడాది మార్చిలో మొదలవుతుంది కనక, జదీ (వాళ్ల పదో నెల) 11 నుంచి ఏడాది చివరిదాకా పుట్టినవాళ్లకి 622 కలపాలి. గుమస్తా ఆ ఒక్క అంకె దగ్గరే తప్పు రాస్తాడు, పదో తరగతి దాకా వెంటాడుతుంది. బాబుకి పాస్‌పోర్టు ఉంటే అందులో ఇంగ్లీషు తేదీయే ఉంటుంది, అదే రాయించండి. అసలు వయసు రుజువు లేదని చేర్చుకోకపోవడం కుదరదు. విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ చదివి వినిపించండి. 3వ సెక్షన్లో ఉన్నది 6 నుంచి 14 ఏళ్ల "ప్రతి బిడ్డ", పౌరుడు అనలేదు. తెలుగు రాదని ఒకటో తరగతిలో కూర్చోబెడితే ఒప్పుకోవద్దు. వయసుకి తగ్గ తరగతి, దానికి ప్రత్యేక శిక్షణ 4వ సెక్షన్. స్కూల్లో చేర్చేటప్పుడు ఆన్‌లైన్లో ఆధార్ దగ్గర ఆగితే హెడ్మాస్టరు చేత ఎంఈఓకి (మండల విద్యాధికారి) రాతపూర్వకంగా రాయించండి, నోటిమాట వద్దు.

కంచరపాలెం_కుర్రోడు: మా పక్కనున్న బర్మా క్యాంపు పేరు ఊరికే వచ్చిందా? బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ల కాలనీ అది. అయితే వాళ్లు భారత సంతతి, ప్రభుత్వమే పునరావాసం చూసింది. వీళ్లకి ఆ దారి లేదు, కాగితాలే దారి.

వాల్తేరు_అప్పారావు: తజ్కిరాలో జదీ 15, 1396. పాస్‌పోర్టులో 2018 జనవరి 5. 621 కలిపి ఉంటే ఏడాది తేడా కొట్టేది. ఫారం సి రేపు ఓనరు దగ్గర కూర్చుని నింపిస్తాను.